పాఠశాలలయందు వడ్రంగివిద్య - పూర్వాపరములు

పాణిని తన వ్యాకరణమున ఇద్దఱు వడ్రంగులను వేఱువేఱుగ పేర్కొనియున్నాడు. ఒకడు గ్రామతక్షుడు, రెండవవాడు కౌటతక్షుడు. మొదటివాడు ఊరివారందఱి పని చేయువాడు. ఎవరు పిలిచిన వారి వాకిటికి పోవలసినవాడు. రెండవవాడు తన కుటియందే కూర్చుండి, ఒకరి పిలుపునకు లోబడక, స్వతంత్రముగ పని చేసికొనువాడు. ఒక సమాసాంత ప్రత్యయమును విధించుటకే ఆ సూత్రము పుట్టినదికాని, రెండువేల సంవత్సరములకు పూర్వమే మన వృత్తియందు ఈ రెండు తెఱగులు వేఱుపడియుండెనని దానివలన మనకు తెలియుచున్నది. విద్యార్థిదశయందు మే మీ సూత్రమును వల్లించితిమి. తక్షన్ శబ్దమునకు అన్ని విభక్తులయందును రూపములు చెప్పగలిగితిమి. మా తండ్రిగారు బాడిసతో మమ్ము పోషించినవారు; మేమో, ఆ బాడిస పట్టి ఒక సీలయైనను సరిగ చెక్కజాలకపోతిమి. ఆ లోపము నేటికిని మాకు తీఱలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియు నొక కారణము.

గ్రామతక్షుడు మన పల్లెలయందు నేడు కానరాడు. కౌటతక్షుడు ప్లైవుడ్డు దుకాణమువారికిని, ఇండ్లు కట్టు కంట్రాక్టరులకును దినకూలియై నిలిచినాడు. మూడవ తెఱగు వడ్రంగి యొకడు పుట్టవలసియున్నది. అతడు పాఠశాలయందు కూర్చుండి, ఏ కులమువారి బిడ్డకైనను, బాలునకైనను బాలికకైనను, కఱ్ఱపని నేర్పువాడు. ఇతనిని పుట్టించుటకు మన దేశమున నూఱు సంవత్సరములకు పైగా పలుమాఱులు ప్రయత్నములు జరిగినవి. అవి యేల ఫలింపలేదో తెలిసికొనక, మఱల అదియే కోరుచు సభలయందు తీర్మానములు చేయుట మాకు సమంజసముగ తోపలేదు.

మన ప్రాచీన గ్రంథములయందు కఱ్ఱపనికి గౌరవము తక్కువ కాలేదు. ఋగ్వేదమున ఋభువులు అశ్వినులకు రథము చేసియిచ్చినవారుగా కీర్తింపబడిరి. దశమ మండలమున విశ్వకర్మ సూక్తములు రెండు కలవు. మీమాంసాశాస్త్రమునందు ఆఱవ అధ్యాయమున రథకారాధికరణమని యొక ప్రత్యేక విచారమే కలదు. రథకారపదము రథము చేయు ప్రతివానికిని చెందునా, లేక ఒక జాతివిశేషమునకే రూఢియా యని అందు చర్చించిరి. వరాహమిహిరుడు బృహత్సంహితయందు ప్రతిమకు తగిన చెట్టును వెదకుటకై అడవి ప్రవేశించు విధమును ఒక అధ్యాయమునను, మంచములు ఆసనములు చేయు విధమును మఱియొక అధ్యాయమునను చెప్పినాడు. చెట్టును కొట్టుటకు ముందు రాత్రి పూజచేసి, దానియందు వసించు భూతములను వేఱొకచోటికి తరలిపొమ్మని వేడుకొనవలయునట.

ఇంత గ్రంథముండగా, దీనిని చదివి వడ్రంగియైనవానిని మే మెఱుగము. గ్రంథము చదివినవాడు ఉలి పట్టలేదు. ఉలి పట్టినవానికి గ్రంథము చేరలేదు. ఈ రెండును ఒకేచోట కూడిన పాఠశాల లేకపోయినది. ఇందు మన పెద్దల దోషము లేకపోలేదు. విద్య యింటి గడప దాటినచో కూడు పోవునను భయముచేత పనిగుట్టు కొడుకునకును అల్లునకును తప్ప వేఱొకనికి చెప్పినవారు అరుదు. కొడుకునకు ఆసక్తి లేనపుడు ఆ గుట్టు వానితోనే మట్టిలో కలిసినది. మఱియొక సంగతి. వైదికకర్మల అధికారమును గూర్చి మనవారు 1818వ సంవత్సరమున చిత్తూరు అదాలతు దాకా పోయి అనుకూలమైన తీర్పు తెచ్చుకొనిరి. ఆ పట్టుదల శ్లాఘనీయమే. మంత్రముకొఱకు న్యాయస్థానమెక్కిన మనము బాడిసకొఱకు ఒక పాఠశాల మెట్టైనను ఎక్కలేదేమని అడుగుటకు మాకు కొంత చనువు కలదని తలంచుచున్నాము.

ఓరుగంటివారికి కట్టడములను గూర్చి ఒకరు చెప్పవలసిన పని లేదు. 1163వ సంవత్సరమున రుద్రదేవుడు హనుమకొండయందు వేయిస్తంభముల గుడి నెత్తించెను. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటయందు రామప్పగుడి నిర్మింపజేసెను. దానిని 2021లో యునెస్కోవారు ప్రపంచవారసత్వ స్థలముగ పరిగణించిరి. సాంచీ తోరణములు పూర్వపు కఱ్ఱపనికి రాతి ప్రతిరూపములని పండితు లంగీకరించిన విషయమే. ఓరుగల్లు కోటలోని నాలుగు తోరణముల క్రింద నిలిచినపుడెల్ల మాకు ఆ మాటయే స్ఫురించును. రెండు కంబములమీద అడ్డదూలము నెత్తుట మొదట వడ్రంగి చేసిన యాలోచన, శిల్పి దానిని రాతికి దింపినాడు. రాయి నిలిచినది, శిల్పికి పేరు నిలిచినది. కఱ్ఱ చెదలకును నిప్పునకును లోనైపోయినది. వడ్రంగికి చరిత్రయందు చోటు దక్కకపోవుటకు ఇదియు నొక హేతువు.

పల్లెయందలి వడ్లవారి జీవనము మాలో పెద్దవయసువారు కన్నులార చూచినదే. పంట కల్లమునకు వచ్చినపుడు ఒక్కొక్క రైతు తన నాగళ్ల లెక్కను బట్టి ధాన్యము కొలిచియిచ్చువాడు. దానికి బదులు వడ్లాయన సంవత్సరము పొడుగున నాగలి, గొఱ్ఱు, గుంటక, కాడి బాగుచేసియిచ్చువాడు. క్రొత్తబండియైనను, ద్వారబంధమైనను వేఱుగ కూలి. తొట్టెల మొదలుకొని పెండ్లిపీట దాకా ఊరివారి బ్రతుకున వడ్లాయన చేయి పడని శుభకార్యము లేదు. బాలుడు పనినేర్చుట ఎట్లనగా, మొదటి యేడు కఱ్ఱ కదలకుండ పట్టుట, ఉలులు నూఱుట, తండ్రి అడిగిన పనిముట్టు అడుగకముందే అందించుట. రెండవ యేడు చిత్రిక. మూడవ యేటగాని రంపము చేతికీయరు. కుసి వదులుగ వచ్చిన నెత్తిమీద మొట్టికాయ. పాఠ్యపుస్తకము లేదు, పరీక్ష లేదు, యోగ్యతాపత్రము లేదు. అయినను తుమ్మ ఎందులకు, వేప ఎందులకు, టేకు ఎందులకు, ఏ కఱ్ఱ ఎన్ని నెలలు ఆఱవలయును అను శాస్త్రమంతయు ఆ పాకలోనే అబ్బెడిది. ట్రాక్టరు వచ్చినది, ఇనుపనాగలి వచ్చినది, బండికి రబ్బరు చక్రములు వచ్చినవి. పల్లెవడ్రంగి పని ముప్పది నలుబది యేండ్లలో జాఱిపోయినది. పాక పోవుటతో అందలి బడియు పోయినది. ఈ రెండవ నష్టమును ఎవరును లెక్కవేయలేదు.

ఇక పాఠశాలయందు కఱ్ఱపని నేర్పవలయునను నాగరకదేశముల ఉద్యమమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఐరోపాఖండపు ఉత్తరభాగమున ఫిన్లాండు దేశమున ఊనో సిగ్నేయసు అను విద్యావేత్త యుండెను. ఆతని ప్రయత్నమువలన 1866లో ఆ దేశపు ప్రజాపాఠశాలలయందు చేతిపని విధిగ నేర్పవలసిన పాఠ్యాంశమైనది. స్వీడను దేశమున నేస్ అను చోట ఓటో సాలమన్ అనునతడు 1875లో ఉపాధ్యాయులకు చేతిపని నేర్పు శిక్షణాలయము నెలకొల్పెను. ఈ పద్ధతికి స్లాయిడ్ అని పేరు. మొదటి పనిముట్టు చిన్న చాకు. దానితో చిన్న వస్తువు చెక్కుట మొదలుపెట్టి, ఒకదానికంటె మఱియొకటి కొంచెము కఠినమైన నమూనాలు వరుసగ చేయుచు పోవలయును. వీరి ఉద్దేశము బాలురను వడ్రంగులను చేయుట కాదు. చేతికి నిదానము, కంటికి కొలత, మనస్సునకు ఓర్పు, శ్రమయందు గౌరవము అలవడుటకు కఱ్ఱను సాధనముగ గైకొనిరి. అనేక దేశములనుండి ఉపాధ్యాయులు నేస్‌కు పోయి నేర్చికొనిరి.

సాలమన్ మతమున ఒక అంశము మనవారికి రుచింపదు. చేతిపని చెప్పువాడు శిక్షణపొందిన ఉపాధ్యాయుడుగా నుండవలయునుగాని వృత్తిపనివాడుగా నుండరాదని యాతడు వాదించెను. పనివానికి వస్తువు బాగుగ వచ్చుటయే ముఖ్యము, ఉపాధ్యాయునకు బాలుడు బాగుపడుట ముఖ్యము అని యాతని తాత్పర్యము. ఈ మాటయందు నిజము కొంత లేకపోలేదు. మా తండ్రిగారు గొప్ప పనివారు, కాని నేర్పునపుడు ఓపిక లేనివారు. మేము కఱ్ఱ పాడుచేయునపుడెల్ల దానిని మా చేతిలోనుండి లాగికొని తామే పూర్తిచేసెడివారు. అందువలననే మాకు పని రాలేదేమో. కాని స్వీడను దేశమునకు సరిపోయిన మాట మనకు పూర్తిగ సరిపోవునని మేమంగీకరింపము. పనివానిని గడపవెలుపల నిలిపి, వాని విద్యను మాత్రము లోపలికి తెచ్చుకొనుట మన దేశమున న్యాయమనిపించుకొనదు.

మన దేశమునందు ఆంగ్లేయుల కాలమున చేతిపని పాఠశాలలు లేకపోలేదు. డాక్టరు అలెగ్జాండరు హంటరు 1850లో చెన్నపట్టణమున కళాపాఠశాల స్థాపించెను. మిషనరీలు పలుచోట్ల అనాథబాలురకు వడ్రంగము, దర్జీపని నేర్పిరి. మేలైన కార్యమేకాని, అందుచేత ఒక చెడ్డ అభిప్రాయము నాటుకొన్నది. వడ్రంగము అనాథలకును, చదువురానివారికిని, తప్పుచేసి బాలల జైళ్లలో చేరినవారికిని తగిన విద్య యని జనులు తలంచిరి. మన ఓరుగల్లు తివాచీలకు దేశాంతరములయందు కలిగిన ప్రఖ్యాతిలో పదవవంతైనను మన కఱ్ఱపనికి కలుగలేదు. నిర్మల, కొండపల్లి బొమ్మలు మాత్రము కొంత పరువు నిలిపినవి.

ఆ అభిప్రాయమును తలక్రిందులు చేయబూనినవారు గాంధీమహాత్ములు. 1937 అక్టోబరు 22, 23 తేదీలయందు వార్ధాలో వారి అధ్యక్షతను విద్యామహాసభ జరిగినది. జాకీర్ హుసేన్ గారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము ఆ సంవత్సరము డిసెంబరులోనే నివేదిక సమర్పించినది. ఏడు సంవత్సరముల నిర్బంధవిద్య, మాతృభాషయందు బోధన, ఒక చేతిపని కేంద్రముగ అన్ని పాఠములు. వడుకు, నేత, వ్యవసాయములతోపాటు వడ్రంగము ఆ చేతిపనులలో నొకటి. దినమునకు అయిదున్నర గంటల బడిలో మూడు గంటల యిరువది నిమిషములు చేతిపనికే కేటాయించిరి. గణితము, సంగీతము, చిత్రలేఖనము మూటికిని కలిసి నలుబది నిమిషములు. లెక్క చూచిన ఆశ్చర్యము కలుగును. 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు ఈ పథకమును ఆమోదించినది.

ఇది యేల నిలువలేదు? కారణములు పెక్కు చెప్పుదురు. మాకు తోచినంతవఱకు ముఖ్యమైనవి రెండు. బాలురు చేసిన వస్తువుల విక్రయముతో ఉపాధ్యాయుని జీతము రావలయునను ఆశ మొదటిది. పదేండ్ల బాలుడు చెక్కిన పీట అమ్ముడుపోవుట ఎట్లు? అమ్ముడుపోవునట్లు చేయింపబోయిన అది బడి కాదు, కార్ఖానా యగును. రెండవది తల్లిదండ్రుల తలంపు. వేసవికాలమున ఎండలో నాగలి చెక్కిన తండ్రి కొడుకును బడికి పంపినది నీడను కూర్చుండు ఉద్యోగమునకు. అక్కడను ఉలియే యిచ్చినచో బడి యెందులకని యాతడు అడిగెను. ఆ తండ్రి ప్రశ్నకు వార్ధా నివేదికలో సమాధానము లేదు.

ఆ ప్రశ్న 1953లో మంట అయినది. ఆనాటి మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచార్యులవారు ముఖ్యమంత్రిగా నుండి పల్లెల ప్రాథమిక పాఠశాలలకు ఒక క్రొత్త విధానము తెచ్చిరి. బాలురు మూడు గంటలు మాత్రము బడిలో చదువవలయును. తక్కినపూట తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలయును. బడులు చాలవు, ఉపాధ్యాయులు చాలరు, రెండు జట్లుగ చేసిన ఎక్కువమంది చదువగలరు అని వారి లెక్క. ప్రజలు దానికి కులవిద్యాపథకమని పేరుపెట్టిరి. చాకలి కొడుకు చాకలి, వడ్రంగి కొడుకు వడ్రంగి అను కట్టుబాటును ప్రభుత్వమే వేయుచున్నదని ద్రావిడోద్యమమువారు రాష్ట్రమంతట ఆందోళన చేసిరి. 1954లో కామరాజుగారు ముఖ్యమంత్రియైన వెంటనే అది రద్దయినది. అప్పుడు మన ఓరుగల్లు హైదరాబాదు రాష్ట్రములోనిదగుటచేత ఆ గాలి మనకు సోకలేదు. మనవారిలో కొందఱు ఇప్పటికిని, ఆ పథకమున్నచో వృత్తి నిలిచియుండెడిదని అనుచుందురు. మేము వారితో ఏకీభవింపము. వృత్తిని ఆ బాలుని మెడకు కట్టిన గుదిబండగా చేసిన పథకమది. బ్రాహ్మణ బాలునకును, వైశ్య బాలునకును అదే ఉలి అదే గంట యిచ్చియుండిన కథ వేఱుగ నుండెడిది. అది చేయలేదు. మన కులమున జన్మించి ఈ ప్రాంతపు అక్కంపేటనుండి బయలుదేరి కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన ఆచార్య కొత్తపల్లి జయశంకరుగారి వంటివారిని పూటబడి తయారుచేయగలదా?

తరువాతి చరిత్ర కమిటీల చరిత్ర; దానిని త్వరగ దాటుదము. 1952-53లో మొదలియారు సంఘము మాధ్యమిక పాఠశాలలయందు ఒక చేతిపని యుండవలయుననినది. 1964-66 నాటి కొఠారీ సంఘము దానికి పని అనుభవమని పేరిడినది. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము సమాజోపయోగకరమైన ఉత్పాదకకార్యమనినది. పేరు మాఱినప్పుడెల్ల పలకమీద అక్షరములు మాఱినవి, గదిలో బల్లలు మాఱలేదు.

ఆ గదులలో నొకదానిని మే మెఱుగుదుము. మేము కొంతకాలము పనిచేసిన ఒక ఉన్నత పాఠశాల అది. ఊరును పేరును చెప్పుట మాకిష్టము లేదు. అందు తూర్పువైపున వడ్రంగి గది యుండెను. నాలుగు పనిబల్లలు, వాటికి బిగించిన ఇనుప పట్టుళ్లు, గోడకు పనిముట్లు తగిలించుటకు వరుసగ మేకులు. చేతిపని అయ్యవారు పదవీవిరమణ చేసిన పిదప ఆ స్థానమున మఱియొకరు రాలేదు. పట్టుళ్లు తుప్పుపట్టినవి, గది బియ్యపు బస్తాలకును విఱిగిన బెంచీలకును నెలవైనది. ఒకనాడు తరగతిగది తలుపు ఊడగా ఊరి వడ్రంగిని పిలిపించిరి. ఆ వృద్ధుడు వరండాలో కూర్చుండి క్రొత్త కుసి చెక్కుచుండగా, విరామసమయమున పిల్లలు చుట్టుముట్టిరి. గణితమున ఎప్పుడును సున్నలు తెచ్చుకొను బాలుడొకడు మూలమట్టము పట్టుకొని, తలుపు చట్టము మూల నిజముగ మూలకు వచ్చినదా లేదా యని చూచుచుండెను. త్రాడు తీసికొని ఒకవైపు మూడు జానలు, రెండవవైపు నాలుగు జానలు కొలిచి, అడ్డముగ అయిదు జానలున్నదా చూడుమని వృద్ధుడు వానికి చెప్పెను. శుల్బసూత్రములయందు యజ్ఞవేదికి చెప్పిన కొలతయే అది. గంట కొట్టిరి. పిల్లలు కదలలేదు. మేమే వారిని గద్దించి లోపలికి తోలితిమి. ఆ పూట మేము చెప్పిన పాఠమేదో మాకిప్పుడు జ్ఞప్తికి లేదు.

బడిలో లేని విద్య బడి వెలుపల రెండుచోట్ల నిలిచియున్నది. 1950లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన శిల్పకారశిక్షణ పథకమున ఐ.టి.ఐ.లు ఏర్పడినవి, అందు వడ్రంగము ఒక యేటి శిక్షణ, ఎనిమిదవ తరగతి చాలును. ఎనిమిదితో చాలునను ఆ నియమమే దానికి శాపమైనది. పదియు పండ్రెండును చదివినవారు విద్యుత్తు, ఫిట్టరు పనులకు పోవుదురు. రెండవ చోటు వినోదకరమైనది. 1959 అక్టోబరు 10వ తేదీన నెహ్రూగారు ఓరుగల్లున శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, అనగా నేటి ఎన్.ఐ.టి., మొదలుగాగల ఇంజనీరింగు కళాశాలలయందు మొదటి సంవత్సరపు విద్యార్థులకు కార్ఖానా పనిలో వడ్రంగము నేర్పుట చిరకాలముగ ఆచారము. చిత్రిక పట్టుట, కుసియు గాడియు కూర్చుట అక్కడ పరీక్షకు వచ్చును. పదునెనిమిదేండ్ల ఇంజనీరునకు అవసరమైన విద్య పండ్రెండేండ్ల బాలునకు నీచమైనదెట్లో మాకు బోధపడదు.

ప్రస్తుత స్థితి కొంత ఆశాజనకముగనే యున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకు చదువు పిల్లలకు పదిదినములు పుస్తకసంచి లేని బడి యుండవలయుననియు, ఆ దినములయందు వారు స్థానికులైన వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులయొద్ద పని నేర్వవలయుననియు చెప్పుచున్నది. వడ్రంగి పేరు విద్యావిధానపత్రమున ముందుగ చేరుట మనకు సంతోషకరము. పండ్రెండవ ప్రణాళిక నాటి అంచనా ననుసరించి 19-24 ఏండ్ల పనివారిలో క్రమమైన వృత్తివిద్య పొందినవారు మన దేశమున నూటికి అయిదుగురైనను లేరనియు, జర్మనీయందు 75, దక్షిణ కొరియాయందు 96 మందియనియు ఆ పత్రమే తెలుపుచున్నది. కాని పదిదినములు! ఉలి నూఱుటకే మా తండ్రిగారు మాకు ఒక నెల పెట్టిరి.

2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము పి.ఎం. విశ్వకర్మ పథకమును ప్రారంభించినది. పదునెనిమిది వృత్తులలో వడ్రంగమే మొదటిది. అయిదు మొదలు ఏడు దినముల ప్రాథమిక శిక్షణ, దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి ఋణము. పనిచేయుచున్నవానికి ఇది మేలే. మనవారు దీనిని వినియోగించుకొనవలయును. అయితే తమిళనాడు ప్రభుత్వము 2024లో, ఇది కులవృత్తిని బలపఱచునని ఆక్షేపించి, తమకు వేఱు పథకము కలదని ప్రకటించినది. 1953 నాటి గాయము అక్కడ మానలేదని దీనివలన తెలియుచున్నది. మన రాష్ట్రమున 2024లో 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీసు సంస్థ సహకారముతో ఆధునిక సాంకేతిక కేంద్రములుగ మార్చు పని మొదలైనది. మరయంత్రములు, విద్యుద్వాహనములు, కంప్యూటరు నడుపు కోతయంత్రములు అందు నేర్పుదురు. దానికి మేము విరోధులము కాము. ఆ కోతయంత్రము చెక్కను కోయునపుడు నారపోకడ తెలిసినవాడు ప్రక్కన లేకున్న చెక్క చీలునని మాత్రము విన్నవించుచున్నాము.

కాబట్టి మనము కోరవలసినదేమి? వృత్తి నిలుపుటకు కోరరాదు. మన పిల్లలు వైద్యులు, న్యాయవాదులు కావలయునని కోరుకొనుచు, ఇతరుల పిల్లలు వడ్రంగులు కావలయునని అడుగుట సిగ్గుమాలిన పని. ప్రతి ఉన్నత పాఠశాలయందు ఆఱవ తరగతినుండి తొమ్మిదవ తరగతివఱకు, వారమునకు రెండు గంటలు, బాలబాలిక లందఱికిని కఱ్ఱపని యుండవలయునని కోరవలయును. గణితమునకు అనుబంధముగ నుండవలయునని మా యాశయము. ఒక దృష్టాంతము చెప్పెదము. పండ్రెండు ఆకులున్న బండిచక్రమునకు నేమి, అనగా అంచుననుండు వంపుచెక్క, ఆఱు ఖండములుగ చేయుదురు; ఒక్కొక్క ఖండమున రెండు ఆకులు దిగును. ఆ ఆఱు ఖండములను గుర్తించుటకు పనివాడు వ్యాసార్ధమంత త్రాడుతోనే చక్రరేఖ చుట్టు అడుగులు వేసిన, ఆఱవ అడుగు మొదటిచోటికే వచ్చి చేరును. వృత్తమునందు షడ్భుజి భుజము వ్యాసార్ధమునకు సమమను సిద్ధాంతమును మేము పుస్తకమున చదివి, పరీక్ష వ్రాసి, మఱచితిమి. చక్రము చేసినవాడు మఱవడు.

నేర్పువాని విషయమున సాలమన్‌తో మాకున్న వివాదమునకు ఒక మధ్యమార్గము కలదు. శిక్షణపొందిన ఉపాధ్యాయుడొకడు, ఊరి వడ్రంగి యొకడు, ఇద్దఱును ఒకే గదిలో ఉండవలయును. ఒకడు ఓర్పును, ఒకడు నేర్పును తెచ్చును. వడ్రంగికి దినకూలి లెక్కన కాక గౌరవవేతనముగ, అయ్యవారని పిలుచు పిలుపుతో ఈయవలయును. తిరుపతిలో 1960లో దేవస్థానమువారు స్థాపించిన శిల్పకళాసంస్థయందు దారుశిల్పము నేర్పుచున్నారు. అట్టి చోట శిక్షణపొందిన యువకులను మన జిల్లాలకు ఉపాధ్యాయులుగ రప్పించుటకును వీలు కలదు. మన సంఘమువారు ముందు చేయదగినది, జిల్లాయందు అఱువది దాటియు చేయి వణకని వడ్రంగులెందఱున్నారో ఊరూర తిరిగి జాబితా వ్రాయుట. ఈ పని ఇంకొక పదేండ్లు ఆగిన జాబితాయందు వ్రాయుటకు పేరులుండవు.

కఱ్ఱ యెక్కడనుండి వచ్చునని ప్రశ్నింతురు. 1996 డిసెంబరులో గోదావర్మన్ వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము ఉత్తరువులిచ్చిన పిదప అడవికలపయు, అనుమతిలేని కోతమిల్లులును కట్టుదిట్టములలో పడినవి. అది అడవులకు మేలు. బడిపిల్లల ఉలికి అడవిటేకు పని లేదు. చేనిగట్టుమీది తుమ్మయు, ఇంటివెనుకటి వేపయు చాలును. అంతకంటె ముందు, పాత పాఠశాలలనేకములయందు వెనుకగోడకు ఆనించి, కాళ్లు విఱిగి, వానకు తడియుచున్న పాత బెంచీల కుప్ప యుండును. వానిలో కొన్ని నిజమైన టేకువి. మేము చెప్పిన ఆ పాఠశాలయందు అట్టివి పదునెనిమిది లెక్కపెట్టితిమి. మొదటి యేటి పాఠములకు కఱ్ఱ అక్కడనే యున్నది. మొదటి పాఠము వానికి కాళ్లు పెట్టుటయే కావచ్చును.